ముప్ఫై అడుగుల లోతున కపాలం

1999 ఆగస్టు పదకొండు... సాయంత్రం ఆరు కావస్తోంది. రాహుగ్రస్తుడైన సూర్యుడు రుషికొండ వెనుక కారుమేఘాల్లో నల్లబడిపోతున్నాడు! ఆ అకాల తిమిరానికి భ్రమపడి గుడ్లగూబలు కర్ణకఠోరంగా అరుస్తున్నాయి... దూరంగా ఉరుము!

వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని అప్పలసూరి పడవ మీంచి సముద్రంలోకి దూకాడు.

ముప్ఫై అడుగుల లోతున ఒక పాత సరుకు ఓడ తుప్పుపట్టి పడి ఉంది. కిందటి డిసెంబరులో, ఇత్తడి సామాను కోసం అతనూ, భార్య రోజారమణి అన్న సన్యాసిరాజూ అందులోకి దిగారు. ఇనుప రేకు విరిగి సన్యాసిరాజు కాళ్ల మీద పడింది. అతని సిలిండర్ ఖాళీ అయిపోయింది. ఊపిరి కోసం అతను చెయ్యి చాపితే... అప్పలసూరి ఆ చేతిని విదిలించుకుని ఒంటరిగా పైకొచ్చేశాడు! "ప్రవాహం లాక్కుపోయింది" అని అందరికీ చెప్పాడు. రోజారమణి నమ్మింది.

నాలుగు నెలల కిందట ఆమెను ఏదో ఆవహించింది. సముద్రానికి ఎంతో దూరాన, కూర్మన్నపాలెంలోని ఇంట్లో కూర్చుని దోసిళ్లకొద్దీ ఉప్పునీళ్లు కక్కేది! ఆరిన జుట్టులోంచి ఇసుక రాలేది!

అప్పుడు దాలయ్య అనే మాంత్రికుడు గుమ్మంలోకి వచ్చాడు.

"నీట సచ్చినోడు పట్టీసినాడు. గ్రహణం ఏళకి ఆడి పుర్రె తే. ఆణ్ని కట్టీసి నీ పెళ్లాన్ని బతికిత్తాను."

ఆమె తలవెంట్రుకలు ఆ గడప కిందే పాతి, ప్రేతాన్ని ఆమె మీదికి రప్పించింది తానేనని ఆ దుర్మార్గుడు చెప్పలేదు. ఉత్తరక్రియలు లేని ఆత్మ ఒకటి అతనికి బానిసగా కావాలి!

అప్పలసూరి టార్చి వెలుగు రేకు కింద పడింది. ఎముకలు... కపాలం! దాని చుట్టూ ఇంకా బిగిసి ఉన్న డైవింగ్ అద్దాల పట్టీ! కపాలాన్ని సంచిలో వేసుకున్నాడు.

తీరాన కుంకుమ ముగ్గు మధ్యలో రోజారమణి శిలలా కూర్చుని ఉంది. దాలయ్య కపాలాన్ని ఆమె ఎదుట నిలిపి, వేలు కోసుకుని రక్తతర్పణం చేశాడు. మంత్రోచ్చారణ మిన్నంటింది!

"వొచ్చినావా! ఇక నువ్వు నా బానిసవి! నాను సెప్పిందే సెయ్యాల!"

ఆమె గొంతులోంచి మగవాడి నవ్వు వినిపించింది.

"నాను గంగమ్మతల్లి ఒడిలో ఉన్నాను. ఆయమ్మ సొత్తు మీద సెయ్యేత్తావా, దాలయ్యా?"

అంతే! దాలయ్య ముక్కులోంచి, నోట్లోంచి ఉప్పునీరు ధారలు కట్టింది! అల ఇరవై అడుగుల దూరంలో ఉంది. అయినా ఆ క్షుద్రోపాసకుడు పొడి ఇసుక మీద ఈదుతున్నవాడిలా చేతులు కొట్టుకున్నాడు... గుడ్లు తేలేశాడు... ఒడ్డునే మునిగి చచ్చాడు!

ఆమె మొహం మెల్లగా అప్పలసూరి వైపు తిరిగింది.

"బావా... ఆ రోజు నీ సిలిండర్లో ఇంకా గాలి ఉంది కదేటి?"

మరుక్షణం ఆమె కుప్పకూలింది. లేచేసరికి గొంతు తనదే... కళ్లు తనవే. మేఘాలు విడిపోయి పశ్చిమాన కొంచెం వెలుగు కనిపించింది.

"అన్నియ్య అడిగింది నాను ఇన్నాను," అంది రోజారమణి. "నిజం సెప్పు. ఉందా?"

అప్పలసూరి ఆమె ముందు ఇసుకలో కూర్చున్నాడు. "ఉంది... బయ్యమేసింది, రవణీ. ఇద్దరం పోతామనుకున్నాను. నీకోసమే..."

"నా పేరు ఎత్తకు."

ఆమె కపాలానికున్న పట్టీ విప్పింది. ఇసుక తుడిచి, పసిబిడ్డను చుట్టినట్టు చీర కొంగులో చుట్టుకుంది. అతను లేచి వెంట నడవబోయాడు.

"పిండం నానే పెడతాను," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వు ఆ సాయలకి రాకు."