తుల్సీబాయి మరక

జనగామ స్టేషన్ వెనకున్న ఆ ఫంక్షన్ హాలుకు రెండేళ్లుగా చెడ్డపేరు. వేదిక ముందు లేతాకుపచ్చ నైలాన్ కార్పెట్ మీద చాటంత మరక. ఓ పెళ్లిలో చాయ్ గిన్నె ఒలికితే, తుడవడానికి వంగిన తుల్సీబాయి — హాలు ఊడ్చే మనిషి — గుండె పట్టుకుని అక్కడే ప్రాణం విడిచిందట. ఎన్నిసార్లు కడిగించినా మరక మళ్లీ లేస్తోందని, ఆమె ఆ చోటు వదలదని చెప్పుకునేవారు. ఆ తర్వాత అక్కడ ఒక్క పెళ్లీ కాలేదు.

కార్పెట్లు కడగడమే ఒవైస్ పని. శుక్రవారం పొద్దుటికి మరక పోగొడితే అతని చెల్లెలు గజాలా నికాహ్‌కు హాలు ఊరికే ఇస్తానన్నాడు యజమాని వెంకట్రాం. ఇంట్లో చాపలు పరిస్తే రామని పెళ్లికొడుకు వాళ్లు ముందే తేల్చి చెప్పారు. ఇంకో హాలు పట్టే తాహతు ఒవైస్‌కు లేదు.

సకల జనుల సమ్మె కాలమది. భూపాలపల్లిలో బొగ్గు ఆగితే ఇక్కడ కరెంటు ఆగింది. వచ్చేది రాత్రి పదకొండు దాటాకే. రోడ్డు మీద కూర్చుని జై తెలంగాణ అన్నవాళ్లలో తానూ ఒకడు కాబట్టి ఎవర్ని తిట్టుకోవాలో కూడా ఒవైస్‌కు తెలియలేదు.

మొదటి రాత్రి సబ్బునీళ్లు కొట్టి, రుద్ది, మెషిన్‌తో తడి పీల్చాడు. పోయింది. తెల్లారేసరికి... ఉంది.

రెండో రాత్రి రెట్టింపు నీళ్లు. చేతులు పగిలాయి. మళ్లీ వచ్చింది — ముందుకన్నా నల్లగా.

మూడోది ఆఖరి రాత్రి. లోపల గడియ పెట్టి, డ్రమ్ము నీళ్లు పోసి కడిగి, పక్కనే కాపలా కూర్చున్నాడు. కరెంటు పోయింది... ఫ్యాన్లు ఆగాయి. టార్చి వెలుగులో, శుభ్రమైన దారాల మధ్య నుంచి గోధుమరంగు చుక్క ఒకటి లేచింది. ఇంకొకటి... ఇంకొకటి...

బ్రష్షు గోడకేసి కొట్టాడు. భయం కన్నా కోపమే ఎక్కువైంది. ఏడుపూ వచ్చింది.

"తుల్సక్కా... నా చెల్లె నీకేం చేసింది?" అన్నాడు చీకట్లోకి, గొంతు తగ్గించి.

 మహబూబాబాద్‌లో ఉన్న ఉస్తాద్ ఫకీర్ అహ్మద్‌కు ఫోన్ చేశాడు. పని నేర్పింది ఆయనే, బస్సుల్లేక రాలేకపోయాడు. అంతా విని ముసలాయన విసుక్కున్నాడు.

"దయ్యం లేదు గియ్యం లేదు. మరకను నువ్వే లేపుతున్నవ్ బేటా. నైలాన్ దారం నీళ్లు తాగదు, అడుగున గోనె తాగుతది. పాత చాయ్ అంత ఆ గోనెలనే ఉన్నది. నువ్వెంత తడిపితే ఆరేటప్పుడు గంత పైకొస్తది."

"ఇప్పుడెట్ల ఉస్తాద్?"

"పొడి తువ్వాల పరిచి బరువు పెట్టు. లేచేదంత తువ్వాలకెక్కుతది. తెల్లారేదాక కదిలియ్యకు."

ఒవైస్‌కు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. మూడు రాత్రులు దయ్యమూ తనే, కడిగేవాడూ తనే. పెద్ద తెల్ల తువ్వాల పరిచాడు. చీకట్లో బరువు వెతికే ఓపిక లేక, కాళ్లు తుడుచుకుని తనే ఎక్కి, వేదిక అంచు పట్టుకుని నిలబడ్డాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఓసారి పక్కన ఎవరో ఊపిరి తీసినట్టయింది... ఉస్తాద్ మాట తలచుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. అడుగు మాత్రం కదపలేదు.

తెల్లారి వెంకట్రాం తలుపు కొట్టాడు. ఒవైస్ తువ్వాల ఎత్తి చుట్టి చంకన పెట్టుకుని గడియ తీశాడు. కార్పెట్ మీద చుక్క మరక లేదు. వెంకట్రాం వంగి, అరచేత్తో రాసి చూసి, నికాహ్ ఇక్కడే చేసుకొమ్మని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లాడు. ఒవైస్ గుండె మీది బండ దిగింది.

ఎండేద్దామని తువ్వాల విప్పాడు. బరువు పడ్డచోటల్లా చాయ్ రంగు దిగింది — తన రెండు పాదాలు, వేళ్లతో సహా.

వాటి పక్కనే, ఆనుకుని... చిన్నవి, మడమలు పగిలినవి, ఇంకో రెండు.