పద్నాలుగో స్లయిడ్

నెలకోసారి, శుక్రవారం సాయంత్రం ఆరింటికి, ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో ప్రపంచాన్ని మార్చేసేవాళ్లందరూ సమావేశమవుతారు. ఎనభై కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, ఒక కాఫీ మెషిను. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఆలోగా ప్రపంచం మారకపోతే మిగతాది వచ్చే నెలకు వాయిదా.

ఆ పది నిమిషాలకూ కాపలా ఒక అమ్మాయి. పగలు ఒక కంపెనీలో టెస్టరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం, సాయంత్రాలు అదే సరదా. ముందు వరుస చివరి కుర్చీలో కూర్చుని అందరి స్లయిడ్లూ తనే తిప్పుతుంది. టైమవగానే బల్లమీది గంట కొట్టి మైకు కట్టేస్తుంది. అందరూ ఆమెను గంటమ్మ అంటారు, అదీ ఆమెకు వినపడేలాగే.

ఆ శుక్రవారం నాలుగో వక్త మొక్కలబ్బాయి. కుండీలో గుచ్చే చిన్న పరికరం ఒకటి తయారుచేశాడు. మట్టి ఎండితే అది మొక్క తరఫున మీ ఫోనుకు మెసేజ్ పంపుతుంది. మూడేళ్లుగా అతని కంపెనీ, కాపురం అన్నీ అదే.

ఆ రోజు అతను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క మాట. చేదు చివర్న చెబుదామని దాని ముందు పదమూడు తీపి స్లయిడ్లు పెట్టుకున్నాడు. ఎనిమిదో స్లయిడ్ దగ్గర అతని జోకు పేలింది. జోకు పేలిన చోటునుంచి కదిలిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

"నలభై వేలమంది మా యాప్ వేసుకున్నారు. ఇక అసలు విషయం ఏంటంటే..."

ఠంగుమంది గంట. మైకు ఆగింది. హాలంతా చప్పట్లు.

"ఇంకొక్క స్లయిడ్ ఉందండీ" అన్నాడు ఆమె దగ్గరికొచ్చి.

"అందరికీ ఇంకొక్కటే ఉంటుందండీ."

"ఒక్క నిమిషం చాలు."

"ఎనిమిదో స్లయిడ్ దగ్గర మీ జోకుకి మీరే మూడు నిమిషాలు నవ్వుకున్నారు. అందులోంచి మిగుల్చుకోవాల్సింది."

విరామంలో కాఫీ మెషిను దగ్గర అతని చుట్టూ జనం మూగారు. స్టార్టప్‌లలో పెట్టుబడులు పెట్టే ఒక పెద్దమనిషి తన కార్డు అతని జేబులో తనే పెట్టి, "నువ్వు చెప్పబోయిన అసలు విషయం నాకు తెలిసిపోయింది బాబూ. పెద్ద కంపెనీ ఎవరో కొంటున్నారు, అవునా?" అన్నాడు.

కాదని చెబుదామనే అనుకున్నాడు అతను. కానీ నాలుగు నెలలుగా తనతో ఎవరూ ఇంత తియ్యగా మాట్లాడలేదు. తలకాయ దానంతటదే ఊగింది. తాను అబద్ధం చెప్పలేదు, ఊరుకున్నాడంతే. రెండింటికీ చాలా తేడా ఉందని తనకు తాను చెప్పుకున్నాడు. మూడోసారి చెప్పుకునేసరికి నమ్మకం కూడా కుదిరింది.

అప్పుడొచ్చాడు దళసరి కళ్లద్దాల ఇంజనీరు ఒకతను.

"అన్నా, ఏడేళ్లుగా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో మగ్గిపోతున్నా. రిజైన్ మెయిల్ రాసుకుని మూడు నెలలైంది, పంపే ధైర్యం లేదు. ఇవాళ మీ మాటలతో వచ్చింది. ఎంతిచ్చినా సరే, మీ దగ్గర చేరతా. ఇదిగో, పంపేస్తున్నా."

"ఇంట్లో అడిగారా?"

"మా ఆవిడకి ఎనిమిదో నెల. ఇప్పుడెందుకు కంగారు పెట్టడమని చెప్పలేదు."

"పంపనివ్వండి" అంది వెనకనుంచి ఒక గొంతు, మొక్కలబ్బాయికి మాత్రమే వినపడేలా. చేతిలో కాగితపు కప్పుతో గంటమ్మ. "ఒకటో తారీఖున వచ్చి ఏ తలుపు కొడతాడో చూద్దాం."

అతని నోట్లో కాఫీ చల్లబడింది. "మీరు చూశారా?"

"ఫైలు మూసేద్దామని వెళితే కనపడింది. పద్నాలుగోది."

"గంట కొట్టి ఆపింది మీరే కదా."

"కొట్టాను. ఆ పాపం నాదే. పావుగంట నుంచి తల ఊపుతున్నది ఎవరు?"

అతను కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఇంజనీరు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "కాస్త ఆగండి, ఇది విని పంపండి" అని హాల్లోకి నడిచాడు.

"నాకు రెండు నిమిషాలు కావాలి" అన్నాడు ఆమెతో.

"ఒకటిన్నర" అని, జనం మళ్లీ కుర్చీల్లోకి వచ్చాక మైకు ఆన్ చేసింది.

తెర మీద పద్నాలుగో స్లయిడ్ వెలిగింది. ఈ నెలాఖరుకు కంపెనీ మూసేస్తున్నాం.

"మొక్క చచ్చిపోయాక యాప్ ఎవరికీ అక్కర్లేదండీ" అన్నాడు. "నలభై వేలమంది వేసుకున్న మాట నిజం. ముప్ఫైఎనిమిది వేలమంది తీసేశారు. బయట చాలామంది నన్ను అభినందించారు. నేను ఊరుకున్నాను. అది తప్పు."

హాల్లో ఎవరో దగ్గారు. పెద్దమనిషికి ఉన్నట్టుండి ముఖ్యమైన ఫోను వచ్చింది. కార్డు తిరిగి అడగలేదు గానీ, అదున్న జేబు వైపు బెంగగా ఒకసారి చూసి వెళ్లాడు.

"మూసేయాలని మీకెప్పుడు అనిపించింది?" అని వెనక వరుసలోంచి ఒకావిడ అడిగింది.

"నా టేబుల్ మీది మొక్క ఎండిపోయిన రోజు. నాకూ మెసేజ్‌లు వచ్చాయండీ. చూసుకోలేదు."

నవ్వులు లేచాయి. ఈసారి అతను నవ్వలేదు. ఇంజనీరు మెయిల్ తుడిపెయ్యలేదు, ఫోను మాత్రం జేబులో పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ముందు వరుస చివరి కుర్చీలో గంటమ్మ తన లాప్‌టాప్ కేసే చూస్తూ కూర్చుంది, అందులో ఏమీ లేకపోయినా.

కార్యక్రమం ముగిసి కిందికి దిగేసరికి వాన. భవనం గుమ్మం దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు" అన్నాడు అతను.

"ఎనభైమందికి చెప్పి అమ్మకి చెప్పలేదా?"

"ఎనభైమందీ నన్ను పెంచలేదుగా."

ఆమె మొదటిసారి ఎత్తిపొడవకుండా అతని వైపు చూసింది. "చెయ్యండి ఫోను. నేను వాన చూస్తుంటా."

చేశాడు. "అమ్మా, కంపెనీ మూసేస్తున్నా."

వాళ్లమ్మ గొంతు గుమ్మమంతా వినపడింది. "నాలుగు నెలల్నుంచి రోజూ ఆఫీసునుంచి ఫోన్‌చేసి అంతా బాగుందమ్మా, నువ్వు తిన్నావా అంటున్నావు. నిజంగా బాగుంటే నువ్వు నా తిండి సంగతి అడుగుతావురా? అప్పుడే అనుకున్నా."

గంటమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎవర్రా పక్కన?"

"నన్ను స్టేజీ మీంచి దింపేసిన అమ్మాయి."

"ఫోనియ్యి తనకి."

ఎనభైమందిని ఒక్క గంటతో ఆపే మనిషి ఫోను అందుకోగానే వెన్ను నిటారు చేసుకుంది. "నమస్తే ఆంటీ... అవునండీ... ఎనిమిదో స్లయిడ్ దగ్గరండీ... చిన్నప్పట్నుంచీ అంతేనా?"

ఆ మాటలు ఎంతకీ తెమలలేదు. అతను ఎదుటి వీధిలో తడుస్తున్న స్కూటర్లు లెక్కపెట్టాడు. అయిపోతే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. చివరికి ఫోను వేడివేడిగా అతని చేతికొచ్చింది.

"ఆదివారం భోజనానికి రమ్మన్నారు" అంది ఆమె.

"మీరేమన్నారు?"

"వస్తానన్నా."

బ్యాగు తలమీద పెట్టుకుని వానలోకి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నువ్వూ ఉంటావుగా?"

అది తన ఇల్లేనన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు.

"ఉంటా" అన్నాడు.