పేరు పెట్టి పిలిచిన గొంతు

ఇరవై రెండేళ్ల కాపురంలో స్వరాజ్యం మొగుడి పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పింది, ఆమె నమ్మింది. రేషన్ దుకాణంలో ఇంటాయన పేరు అడిగితే బిడ్డను ముందుకు తోసేది. ఆయన పేరు పోశయ్య కాబట్టి గ్రామదేవత పోశమ్మను కూడా "ఊరి తల్లి" అనే అనేది. ఆఖరికి చాయ్ పొయ్యమనడానికి కూడా జంకి "చాయ్ ఒంపు" అంటుందని తోడికోడళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. మొగుణ్ని పిలవాల్సి వస్తే బిడ్డ పేరు తగిలించి "దీక్షిత నాయినా" అనేది. ఆయనా ఆ పిలుపుకే పలికేవాడు.

ఇప్పుడు పలకడం లేదు. నారాయణరావుపేట దగ్గర తాటిచెట్టు మీది నుంచి పడి పదకొండు రోజులైంది.

ఆయన్ను చేర్చిన సిద్దిపేట దవాఖానలో మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటివాళ్లలో ఒక్కరిని లోపలికి పంపుతారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ఏసీ చలి, మందుల వాసన, వరుసగా ఆరు మంచాలు. యంత్రాల టిక్కుటిక్కు తప్ప వేరే చప్పుడు లేదు. పోశయ్యది చివరి మంచం. తల కట్టు మీద "ఇటు ఎముక లేదు, నొక్కొద్దు" అని లావుపాటి అక్షరాలతో రాసి ఉంది.

మొదటిరోజే డాక్టరు విడమరిచి చెప్పాడు. "మెదడు వాచిందమ్మా. పుర్రె గట్టిది, వాపుకు జాగ ఇయ్యదు. గందుకే ఎడమపక్క బొక్క, గదే ఎముక, తీసినం. దాన్ని ఆయన కడుపు తోలు కిందనే దాచినం. వాపు తగ్గినంక మల్ల పెడ్తం." అప్పుడు ఆమెకు సగమే అర్థమైంది. ఇప్పుడు కట్టు అంచున ఆ ఎముక లేని చోటు కనిపిస్తోంది. పసిపిల్ల మాడులా తోలు లేస్తోంది, పడుతోంది. చూపు తిప్పుకోలేకపోయింది.

నర్సు వినీత వచ్చి పక్కన నిలబడింది. "అమ్మా, గట్టిగ పిలువు. ఇయ్యాల గూడ కండ్లు తెరువకుంటే ఆశ తక్కువని పెద్దసారు అన్నడు. మా గొంతుకు పలుకుతలేడు. నీ గొంతు గుర్తుపడ్తడేమో."

స్వరాజ్యం ఆయన చెవి దగ్గరికి వంగింది. "దీక్షిత నాయినా."

కదలిక లేదు.

"దీక్షిత నాయినా... దీక్షిత నాయినా..."

మూడుసార్లు పిలిచింది.

"గట్ల గాదమ్మా. పేరు వెట్టి పిలువు. పేరైతే లోపలికి పోతది," అంది నర్సు.

స్వరాజ్యానికి నిన్న మైసయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది. మైసయ్య పోశయ్యతోపాటు కల్లు గీసేవాడు. ఎవరూ లేనప్పుడు వరండాలో మెల్లగా చెప్పాడు.

"నీకొక్కదానికే చెప్తున్న వదినె. నేను పక్క చెట్టు మీదున్న. అన్న కిందికి సూసి నవ్విండు. 'ఇన్నేండ్లకు పేరు వెట్టి పిలిచినవా స్వరాజ్యం' అన్నడు. ఒంగిండు... గంతే. చెట్టు కింద ఎవ్వరు లేరు."

గీత పనివాళ్లు చెట్టు మీదున్న మనిషిని పేరు పెట్టి పిలవరు. ఈల వేస్తారు, లేకపోతే కింద ఖాళీ కల్లు లొట్టి మీద తడతారు. పేరు వింటే మనిషి కిందికి చూస్తాడు, చూస్తే వంగుతాడు. ఆ సంగతి స్వరాజ్యానికి తెలియనిది కాదు. పైగా ఆయన పడ్డ పొద్దున ఆమె ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉంది.

"పిలువమ్మా, టైమైతుంది."

ఆయుష్షు తరిగితే తరగనీ, మనిషంటూ మిగలాలి కదా అనుకుంది. పెదవులు తడుపుకుంది. ఇంకా నోరు తెరవలేదు...

"పోశయ్యా..."

మంచం కింది నుంచి.

ఆమె గొంతే. అచ్చం ఆమె గొంతే.

పోశయ్య కళ్లు తెరిచాడు.

"సూసినవా, నువ్వు పిలువంగనే తెరిచిండు. సార్‌కు చెప్పొస్త," అని వినీత సంబరంగా వెళ్లిపోయింది.

పోశయ్య పెండ్లాం వైపు చూడలేదు. మంచం పక్క నుంచి కిందికి చూశాడు. ఎండిన పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. నవ్వు. చెయ్యి నడుము దగ్గర చెట్టెక్కే మోకు తాడు కోసం తడుముకుంది. తాడు లేదు. అయినా ఒంగుతున్నాడు... ఇంకా ఒంగుతున్నాడు...

ఎముక లేని చోట తోలు లేచింది. పడలేదు. అట్లాగే బిగుసుకుపోయింది. యంత్రం కూత పెట్టింది.

స్వరాజ్యం ఆయన భుజాలు పట్టుకుంది. జన్మలో మొదటిసారి ఆ పేరు ఆమె నోటి నుంచి వచ్చింది. "పోశయ్యా, ఇటు సూడు."

అదే క్షణంలో కింది నుంచీ వచ్చింది. "పోశయ్యా, ఇటు సూడు."

ఆయన కళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగాయి. ఏది తన పెండ్లామో ఆయనకు తెలియలేదు.

కిందికే చూశాడు.

నర్సులు పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఆమెను బయటికి నెట్టి తెర లాగేశారు. వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. తెర వెనక ఏమవుతోందో తెలియదు, తెలిసినా తను చెయ్యగలిగింది లేదు. అప్పుడు కొంగులో ముడేసిన ఫోను మోగింది.

బిడ్డ. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. పరీక్షలున్నాయని తండ్రి పడ్డ సంగతి ఇంకా చెప్పలేదు.

"అమ్మా, చెప్పకుండ వచ్చినవేంది?"

"యాడికి బిడ్డా?"

"హాస్టల్ కాడికి. గిప్పుడే 'దీక్షితా' అని మూడుసార్లు పిలిచినవ్ గద. నేను మూడో అంతస్తుల ఉన్న." దీక్షిత నవ్వుతోంది. "పిట్టగోడ కాడికి వచ్చిన... కనబడ్తలేవ్. కింద గోడ పొంటి నిలబడ్డవా?"

మొగుడి పేరు దాచుకోవడానికి ఇన్నేళ్లూ తను ఎవరి పేరు పలికిందో స్వరాజ్యానికి అప్పుడు తెలిసొచ్చింది.

"కిందికి సూడకు బిడ్డా. ఎనకకు జరుగు. నేను సిద్దిపేటలున్న."

అటువైపు నవ్వు ఆగింది.

"మరి కింద ఎవరు?"

ఫోనులో, ఎక్కడో దూరంగా, కింది నుంచి, స్వరాజ్యం గొంతు ముద్దుగా పలికింది.

"నేనే బిడ్డా. ఇంకొంచెం ఒంగు."