ఇంటికొక్క తలనొప్పి

ఆవిడ వచ్చేసరికి పక్క రేకుల షెడ్డులో సుత్తి దెబ్బలు మంచి జోరు మీద ఉన్నాయి. డిటెక్టివుగారి ఆఫీసుకి ఉన్నది ఒకటే కిటికీ. అందులోంచి పొద్దుటి ఎండ సరిగ్గా వచ్చినవాళ్ళ ముఖం మీదే పడుతుంది. ఆ కుర్చీని కాస్త పక్కకి జరుపుదామని అసిస్టెంటు చేరిన రోజు నుంచీ అనుకుంటున్నాడు గానీ నోరు తెరిచి అడగలేదు. డిటెక్టివుగారంటే అతనికి భయం కొంత, భక్తి చాలా.

వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఒళ్ళో చేతిసంచి.

"మా తమ్ముడిది కళ్ళద్దాల షాపండీ. కింద షాపు, పైన ఇల్లు. మా అమ్మ ముత్యాల దండ పోయింది. వంటావిడ తీసిందంటాడు తమ్ముడు. ఇవాళ సాయంత్రం లోపల ఒప్పుకోకపోతే పోలీసుల్ని పిలుస్తాడట. ఆవిడ తియ్యలేదండీ. మీరెలాగైనా నిరూపించాలి."

"తియ్యలేదని మీకెలా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలా?"

"మంచి మనిషండీ," అని తల దించుకుంది.

డిటెక్టివుగారు రెట్టించలేదు. దండ ఎప్పుడు పోయిందని అడిగారు. ఆదివారం వీధి చివరి హాల్లో పక్క షాపు వాళ్ళ పెళ్ళికి తమ్ముడూ మరదలూ వెళ్ళారట. సాయంత్రం వచ్చి చూస్తే బీరువాలో నగలపెట్టె ఖాళీగా ఉందట. ఇంట్లో ఉన్నది ఈవిడా, వంటావిడా.

"మీరు పెళ్ళికి వెళ్ళలేదేం?"

"నాకు మైగ్రేనండీ, ఏళ్ళ తరబడి. వచ్చిందంటే చీకటి గదిలో పడుకోవాల్సిందే. వెలుతురు పడదు, చప్పుడు పడదు. ఇప్పుడు కూడా కొంచెం ఉంది." అలవాటుగా చెయ్యి కణత మీదికి వెళ్ళింది. ముఖం నిండా ఎండ పడుతోంది. పక్కన సుత్తి మోగుతోంది. ఆవిడ కనురెప్ప కూడా కదలలేదు.

"లేచాక గదిలో ఏమైనా తేడా కనిపించిందా?"

"గోడ గడియారం ఆగిపోయి ఉంది. పొద్దున్నే తమ్ముడు కీ ఇచ్చాడు మరి. బామ్ సీసా కిటికీ అవతల గట్టు మీద ఉంది. నేనే పెట్టి మరిచిపోయానేమో."

"గడియారం మళ్ళీ నడిపించలేదా?"

"ఆ గదిలో నాకు టైముతో ఏం పనుందండీ," అంది ఆవిడ. మామూలుగానే అంది గానీ అసిస్టెంటుకి ఎందుకో గుండె కలుక్కుమంది. అతనిదీ ఒంటరి గదే.

మధ్యాహ్నానికి ఇద్దరూ కళ్ళద్దాల షాపుకి చేరారు. తమ్ముడు మాటకారి. గోడ నిండా ఫ్రేములు, మధ్యలో ఆయన. వెనక పనివాడు అద్దాలు అరగదీసే మిషను నడుపుతున్నాడు.

"ఇందులో డిటెక్టివ్ పని ఏముందండీ? అక్క మంచం మీంచి లేవలేదు. ఇక మిగిలింది ఎవరు?"

"బీరువా తాళం పగలగొట్టారా?"

"లేదు, వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి మా ఆవిడ బ్యాగులోనే ఉంది. వంటావిడ మారు తాళంచెవి చేయించుకునుంటుంది."

"పెళ్ళికి మీ ఆవిడ ఆ దండ వేసుకోలేదా?"

"లేదనే చెప్పింది."

"మీరు చూడలేదూ?"

"పెళ్ళి హడావిడిలో అవన్నీ ఎవరు చూస్తారండీ!" ఊరందరి చూపూ సరిచేసే మనిషి, ఏ మాత్రం తడుముకోకుండా అనేశాడు. "తను ఆడవాళ్ళ వైపు ఉంది. గ్రూపు ఫోటోకి కబురు పెడితే ఎంతకీ రాదే! అందరూ నిలబడిపోయాం."

"మీ అక్కగారిది పెద్ద జబ్బేనన్నమాట."

"అయ్యో, అడక్కండి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడా ఓసారి తలనొప్పంది. అక్కని చూసి నేర్చుకున్నావా, ఇంటికొక్క తలనొప్పి చాలు తల్లీ అన్నాను. అంతే, మళ్ళీ ఎప్పుడూ అనలేదు." ఆయన నవ్వాడు. అసిస్టెంటు కూడా మర్యాదకి నవ్వి, డిటెక్టివుగారు నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

మరదలు పైన హాల్లో కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. దండ వేసుకోలేదు, పెట్టెలోనే పెట్టాను అని మెల్లగా చెప్పింది. కింద మిషను గుర్రుమన్నప్పుడల్లా ఆవిడ భుజాలు బిగుసుకుంటున్నాయి.

వంటావిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"ఆదివారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లోనే బాబూ."

"ఎవరైనా చూశారా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఎవరూ చూడలేదు బాబూ."

షాపు వెనక గదిలో ఒక బోర్లించిన చెక్కపెట్టె ఉంది. దానికి అటొక పీట, ఇటొక పీట. అలమరలో అరిగిపోయిన పేకముక్కలు. డిటెక్టివుగారు వాటిని చూసి, ఎక్కడివక్కడే ఉంచారు.

చివరికి, పొద్దున ఆఫీసుకి వచ్చిన పెద్దావిడ చీకటి గది. మందపాటి పరదాల రెండంచులూ కలిసే చోట సన్నటి సందుంది. ఆ సందుని ఎవరో తలపిన్నులతో మూసేశారు. కొత్త పిన్నులు, ఒక్కోదానికీ చివర తెల్ల పూస. డిటెక్టివుగారు గోడ గడియారానికి కింది భాగంలో ఉన్న చిన్న చెక్క తలుపు తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మూసేశారు. ఏం చూశారో అసిస్టెంటుకి కనబడలేదు.

సాయంత్రం అందర్నీ ఆ గదిలోకే పిలిచారు. వంటావిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"దండ ఎక్కడుందో చెప్పే ముందు ఒక్క మాట," అన్నారు డిటెక్టివుగారు. "ఆ మధ్యాహ్నం వంటావిడ ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు. తమ్ముడు విసుగ్గా లేచాడు. "చూశారుగా. ఫోన్ చేసేస్తాను."

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. వంటావిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది. పెద్దావిడ వైపు ఒక్కసారైనా చూడలేదు.

"ఆగరా!" అంది పెద్దావిడ. "నాతో ఉంది. అంతసేపూ నాతోనే ఉంది. షాపు వెనక గదిలో పేకాడుకున్నాం."

"నీకు తలనొప్పి కదా అక్కా?"

"లేదురా. ఎప్పుడూ లేదు."

తమ్ముడు గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు.

"మీ పెళ్ళిళ్ళలో నాతో ఎవరు మాట్లాడతార్రా? సంచుల దగ్గర కూర్చోబెడతారు. పసివాళ్ళని ఒళ్ళో పడేసి పోతారు. ఫోటో తియ్యమని నా చేతికే ఇస్తారు. అంతమందిలో నోరు మూసుకుని కూర్చోలేక తలనొప్పన్నాను. మొదటిసారి ఇదిగో, ఈ వంటమనిషే వచ్చి, పోనీ రండి అక్కా, రెండు ఆటలేద్దాం అంది. నన్ను రమ్మని పిలిచింది ఇదొక్కతే. ఇవాళ దొంగతనం మీద వేసుకుందే గానీ నా గుట్టు చెప్పలేదు. నేనేమో దీనికోసం నోరు విప్పడానికి ఇంతసేపు..." వంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటే ఆదివారం ఈ గది ఖాళీ," అన్నారు డిటెక్టివుగారు నెమ్మదిగా. "కానీ ఎవరో వచ్చి ఇక్కడ పడుకున్నారు. నాటకానికైతే పరదాలు వేస్తే సరిపోతుంది. పెద్దావిడకి ఇన్నేళ్ళలో ఆ సందు కనబడనే లేదు. నిజంగా బాధపడే మనిషికి ఆ సందులోంచి వచ్చే వెలుగు కత్తిలా గుచ్చుకుంటుంది, అందుకే పిన్నులతో మూసేశారు. బామ్ వాసనకి కడుపులో తిప్పి సీసా బయట పెట్టేశారు. టిక్కు టిక్కు భరించలేక గడియారం ఆపేశారు. ఈ పిన్నులు పెళ్ళి కొప్పులోవి. ఆ రోజు ఈ ఇంట్లోంచి కొప్పు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిన మనిషి ఒక్కరే."

మరదలు ముఖం చేతుల్లో దాచుకుంది.

"బీరువా తాళం చెక్కుచెదరలేదు, తాళంచెవి మీ బ్యాగులోనే ఉంది. కాబట్టి దండని ఎవరూ దొంగిలించలేదు. పొద్దున మీ మెడలోనే బయటికి వెళ్ళింది." ఆయన గడియారం చెక్క తలుపు తెరిచారు. ఆగిన లోలకం కింద, పెట్టె అడుగున, ముత్యాల దండ చుట్టలా పడి ఉంది.

"వదిన గది చీకటిగా ఉంటుందని వచ్చాను, ఖాళీగా ఉంటే పడుకున్నాను. దండ బరువుగా ఉందని తీసి చేత్తో పట్టుకున్నాను," అంది మరదలు. "కళ్ళ ముందు వెలుతురు ముక్కలు ముక్కలుగా తిరుగుతోంది. ఎక్కడ పెట్టానో గుర్తే లేదు. ఫోటో టైముకి ఎలా వెళ్ళానో కూడా గుర్తులేదు. వెతుకుదామంటే వదిన గది వదల్లేదు. వేసుకున్నానని చెబితే ఎక్కడ తీశావంటారు, ఇంటికొచ్చానంటే ఎందుకొచ్చావంటారు. తలనొప్పంటే నవ్వుతారు." వంటావిడ వైపు తిరిగింది. "రోజూ చెబుదామనే అనుకున్నాను. నువ్వు ఏడుస్తుంటే విని కూడా ఊరుకున్నాను. తప్పే."

తమ్ముడు దండ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు.

పెద్దావిడ వెళ్ళి మరదలి పక్కన కూర్చుంది.

"నీ వాటా తలనొప్పి కూడా నేనే వాడేసుకున్నానే అమ్మా."

డిటెక్టివుగారు లోలకాన్ని వేలితో కొద్దిగా కదిపారు. "కీ అయిపోలేదు. దండ పట్టుకున్న చెయ్యే లోపల పెట్టి ఆపారంతే, చూడండి." గడియారం బుద్ధిగా టిక్కుటిక్కుమంది. మరదలు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇదివరకైతే ఆ గదిలో అది ఎవరికీ కనబడేది కాదు. పెద్దావిడ లేచి వెళ్ళి లోలకాన్ని చేత్తో పట్టుకుని ఆపేసింది.

"పడుకో. ఈ గది ఇక నీది. నేను పోతాను."

"వెళ్ళకండి వదినా," అంది మరదలు. "మాట్లాడకుండా ఇక్కడే కూర్చోండి. చాలు."

అందరూ బయటికి నడిచారు. వంటావిడ తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద అసిస్టెంటు ఉండబట్టలేక అడిగాడు. "దండ మీకు ముందే కనిపించింది కదండీ. అప్పుడే చెప్పేస్తే సరిపోయేది."

"దండ దొరికేది," అన్నారు డిటెక్టివుగారు. "అంతే." రెండు మెట్లు దిగాక మళ్ళీ అన్నారు. "రేపు మన ఆఫీసులో ఆ కుర్చీని ఎండలోంచి కాస్త పక్కకి జరుపు."

కింద షాపులో మిషను గుర్రుమంటూనే ఉంది. వెనకనుంచి తమ్ముడు గబగబా మెట్లు దిగి, వాళ్ళని దాటుకుని, పనివాడితో ఏమీ చెప్పకుండానే స్విచ్చి ఆపేశాడు. ఆ తర్వాత ఫ్రేముల మధ్య నిలబడి, పైన ఏమైనా వినిపిస్తుందేమోనని చాలాసేపు అలాగే పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు.