ఆవిరి పట్టిన రొట్టెలు

"ఏమప్పా, ఇవి రొట్టెలా, కంకర్రాళ్ళా?"

జయరాముడి బేకరీకి తొలిసారి వచ్చిన రోజు ఉమాదేవి అన్న మొదటి మాట ఇదే. పుట్టపర్తిలో బయ్యన్న లాడ్జి వంటింట్లో ఆమెకు పని. అక్కడ దిగే విదేశీయుల కోసం రోజూ పొద్దున్నే రొట్టెలు తీసుకుపోవాలి.

"రాళ్ళే. తీసకపోయి గోడ కట్టుకో," అన్నాడు జయరాముడు.

"మా ఊర్లో జ్వరమొచ్చినోళ్ళకు పెడ్తాం బ్రెడ్డు. నీది చూస్తే మంచం దిగి పరిగెత్తుతారు."

అంత మాట అన్నాక ఎవరికైనా కోపం రావాలి. జయరాముడికి నవ్వొచ్చింది.

ప్రేమకథన్నాక వాన పడాలంటారు. 2003లో అనంతపురం జిల్లాలో వాన యెక్కడిది? వీళ్ళు ఎండలోనే ఒకరినొకరు చూసుకున్నారు. సంచి నిండాక కూడా ఆమె ఇంకాసేపు నిలబడేది. అతనూ చిల్లర వెతుకుతున్నట్టు నటించేవాడు.

నెల తిరక్కముందే బయ్యన్న బేకరీకి వచ్చాడు.

"రేపట్నుంచి నీ రొట్టెలొద్దప్పా. దొరలు కొరికి పక్కన పెట్టేస్తాండారు. తడిగుడ్డ మాదిరి ఉండాయంట."

"నా రొట్టెలా? ఏం మాటన్నా అది!"

ఆ లాడ్జి గిరాకీ పోతే బేకరీ మూసేసి మళ్ళీ బెంగళూరులో కూలికి పోవాల్సిందే. జయరాముడు పరుగున లాడ్జి వంటింట్లోకి వెళ్ళాడు.

ఉమాదేవి ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. లోపల ఇడ్లీలు లేవు. పొద్దున అతను కాల్చిన రొట్టెలు ఆవిరికి ఉబ్బి నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, ఏం చేస్తాండావు ఉమా!"

"అరవద్దు. నీకింకా చేయి కుదర్లేదనుకుంటి. గట్టిగా ఉండాయని బయ్యన్నకు తెలిస్తే నీ గిరాకీ పోతాది కదా. అందుకే దినామూ మెత్తగా చేసి పెడ్తాండా."

దొరలకు కావాల్సిందే ఆ గట్టి పెంకు. నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. తన కోసం ఇంత పని చేసిందా! ఆమె పొద్దున తెచ్చిన సంచిలో, ఆవిరి పట్టకుండా మిగిలిన రొట్టె తీసి విరిచాడు. పెళపెళమంది. రోట్లో ఉన్న చెనిక్కాయల చట్నీ అద్ది ఆమె చేతికిచ్చాడు.

ఆమె కొరికింది. పైన కరకర, లోపల మెత్తన, నమిలేకొద్దీ కొంచెం పులుపు. సంగటి అడుగున మాడిన చెక్కు రుచి కూడా తగిలింది.

"ఇట్లుంటాదా ఇది? దీన్నా నేను చెడగొట్టింది!"

"ఏందాడ గోల?" అంటూ బయ్యన్న వచ్చాడు.

"ఏం లేదన్నా. నేనే సరిగ్గా కాల్చలేదు," అన్నాడు జయరాముడు.

"అబద్ధం చెప్తాండాడన్నా. నేనే ఆవిరి పట్టినా."

బయ్యన్న పాత్రలోకి తొంగిచూశాడు. రొట్టెలు ఎప్పటిలా పంపమన్నాడు. ఉమాదేవిని మాత్రం రేపట్నుంచి రావద్దన్నాడు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు.

"ఎందుకు చెప్తివి? పని పోయె కదా," అన్నాడతను.

"చెప్పకుంటే నీ బేకరీ పోతాది. నువ్వు బెంగళూరికి పోతే నిన్ను యాడ చూడల్ల నేను?" అనేసి నాలిక్కరుచుకుంది.

జయరాముడు ఆగిపోయాడు. "నువ్వంటే నాకు చానా ఇష్టం ఉమా. బేకరీకి వచ్చేయి. పనికి కాదు, నా ఇంటిమనిషిగా."

ఆమె ముఖం ఎర్రబడిందో లేదో చెప్పలేం, అప్పటికే ఎండకు కందిపోయి ఉంది.

"ఈ మాట చెప్పనీకి నా పని పోవల్సి వచ్చెనా?" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "సాయంత్రం మా ఇంటికొచ్చి మా నాయన్నడుగు. వచ్చేటప్పుడు మెత్తని బ్రెడ్డు తీసకరా. ఆయనకు ముందర పండ్లు లేవు."