నలుగుబాయి కాడ సచ్చిపోయే అంబాసిడర్

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దోవలో, ఒక దిగుడు దిగి మలుపు తిరిగితే, ఎడమ పక్క ఒక పాడుబాయి ఉండాది. దాన్ని నలుగుబాయి అంటారు. పగలు ఆడ మేకలు మేస్తాయి, పిలకాయలు రేక్కాయలు ఏరుకుంటారు. పొద్దు మునిగినాక మాత్రం... ఆ పక్క ఉమ్మేసేదానికి గూడా ఎవురూ మొగం తిప్పరు.

ఎప్పుడో తాతల కాలంలో, నలుగు పెట్టించుకున్న పెండ్లికూతురొకామె నీళ్లు తోడుకుందామని పోయి, కాలు జారి అందులో పడిపోయిందంట. ఒంటి మీద పసుపు అట్లే ఉండిపోయింది. తలకు నీళ్లు పోసుకోలేదు... తాళి పడలేదు. అందుకే రేత్రి పూట దోవలోకొచ్చి, పోయే కార్ల గొంతు పిసుకుతాదని చెప్తారు.

కార్లనే. లారీల జోలికి పోదు.

"ఆయమ్మకు పెండ్లికారు మింద ఆశ గదప్పా! లారీ ఎక్కి యాడికి పోతాది, క్యాబేజీ మూటలు దించేదానికా?" అనేవాళ్లు టీ అంగడి కాడ.

దానికొక మందు గూడా పెద్దోళ్లే చెప్పినారు. మలుపు కాడ బండి నిలిపి, ఆయమ్మకు జరగని మంగళస్నానం బండికి చెయ్యల్ల. చెంబు నిండా పసుపునీళ్లు బండి మూతికి పోసి, ఎనక్కి తిరిగి సూడకుండా పోవల్ల. ఇంజన్ మాత్రం ఆపగూడదు. ఆపితే... ఎనక సీట్లో ఎక్కి కూసుంటాదంట.

ఇంత జేసినా కొన్ని కార్లు బాయి దాటేలోపే దగ్గి, దగ్గి, సచ్చిపోయేవి. అరగంట దేవుళ్లకు మొక్కుకుంటే మళ్లా స్టార్ట్ అయ్యేవి. "కనికరించింది తల్లి" అనుకోని పోయేవాళ్లు.

ఇది తొంభై ఆరో తొంభై ఏడో ఆ కాలం మాట. పుంగనూరులో లక్ష్మీపతి అని ఒకడు బాడుగకు పాత అంబాసిడర్ తోలేవాడు. ఆ కారు ఒకప్పుడు తెల్లగా ఉండేదంట, వాడే చెప్పుకోవల్ల. మనిషి మెత్తన. హారన్ కొట్టినా ఎవురన్నా ఏమనుకుంటారో అని బెదిరే రకం.

అట్లాంటోనికి అంబిక మీద మనసైంది. అంబిక నాయన వెంకటముని మదనపల్లెలో టమాటా మండీ నడిపేవాడు. ఇల్లు మాత్రం పుంగనూరులోనే, వరసకు లక్ష్మీపతికి మామే. కాయల కాలంలో తెల్లారకముందే మండీలో ఉండల్ల కాబట్టి, నడిరేత్రి దాటినాక లక్ష్మీపతి కారే ఎక్కేవాడు.

ఎక్కిన ప్రతిసారీ నలుగుబాయి కాడ కారు సచ్చిపోయేది.

లక్ష్మీపతి పోయి గఫార్ భాయ్ షెడ్‌లో నిలబడినాడు. అబ్దుల్ గఫార్ అంటే పుంగనూరులో పాత కార్లకు డాక్టరు మాదిరి. ఆయన పానా పెట్టి నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, అరచేతిలో పరుచుకోని సూసినాడు.

"ప్లగ్గు మొగం సూస్తే ఇంజన్ కడుపులో ఏముందో తెలుస్తాది బేటా. సూడు, నల్లగా, జిడ్డుగా. నీ ఇంజన్ ముసల్దయింది, ఆయిల్ తాగతా ఉండాది. దానికి ఎవుడు పెట్టినాడు ఈ సల్ల ప్లగ్గులు?"

"అంగట్లో అవే మంచివన్నారు భాయ్. రేటు గూడా ఎక్కువే..."

"మంచివే. కొత్త బండికి. ముసలి ఇంజన్లో ఇవి వేడెక్కవు, మసి పేరుకుంటాది, నిప్పురవ్వ సరింగా పడదు. రోంత వేడిగా నిలిచే ప్లగ్గు ఎయ్యల్ల, మసిని అదే కాల్చుకుంటాది. అట్లని మరీ వేడిది పెట్టినావో, పిస్టన్‌కే బొక్క పడతాది. ముసలోళ్లకు కాఫీ ఇచ్చినట్ల. సల్లారితే తాగరు, నాలిక కాలితే తిడతారు."

ఆయనే ఏరి నాలుగు ప్లగ్గులు తెచ్చి, సందు సరిజేసి బిగించినాడు. కారు మేకపిల్ల మాదిరి ఎగిరింది. పలమనేరు గడ్డ గూడా దగ్గకుండా ఎక్కేసింది. లక్ష్మీపతికి యాడలేని సంతోషం.

మర్సరోజు రేత్రి వెంకటముని ఎక్కినాడు. నలుగుబాయి మలుపు. వెంకటమునే దిగి, చెంబెత్తి, భక్తిగా, గ్రిల్లంతా తడిసేటట్ల పోసినాడు.

కారు కదిలింది... పది బారలు పోయింది...

డబ్. డబ్ డబ్. అంతే.

చీకట్లో ఇద్దురూ కూసోనుండారు. బాయి పక్క నుంచి సల్లగాలి.

"ఏమిరా... మళ్లా పట్టుకునిందా?" గుసగుసగా అడిగినాడు వెంకటముని.

"పట్టుకునింది మామా."

"నీళ్లు సరింగా పోస్తివా?"

"నువ్వే గద మామా పోసింది."

వెంకటముని ఖాళీ చెంబును సీటు కిందికి తోసినాడు.

"అయితే తప్పు నీళ్లది గాదు. నీదే. విను. ఎల్లుండి కుప్పం నుంచి అంబికను సూసేదానికి వస్తాండారు. ఆ పిల్లోనికి జీపు ఉండాది, డీజిల్‌ది. ఎన్నోమార్లు ఈ బాయి దాటినాడంట, ఆయమ్మ కన్నెత్తి గూడా సూడలేదు. పెండ్లి కాకుండా పోయిన తల్లిరా ఆమె. ఎవుని పెండ్లి నిలుస్తాదో ఆమెకు తెలీదా? ఆయమ్మ మెచ్చనోనికి నా బిడ్డనెట్ల ఇచ్చేది?"

"మామా..."

"రేపొక్క రేత్రి సూస్తా. ఈడ నిలబడకుండా నన్ను మండీకి చేర్చినావా, కుప్పమోళ్లకు వద్దని కబురు పెడతా. నిలబడిందా... నువ్వు పెండ్లిపత్రికలు పంచేదానికి కారు తోలుదువులే."

పొద్దున ఈ సంగతి విని అంబిక గడప కాడికొచ్చి, నాయనకు ఇనపడకుండా లక్ష్మీపతితో ఒకటే మాట అనింది. "నాకు జీపెక్కితే వాంతులొస్తాయి. సూసుకో."

లక్ష్మీపతి ఉరికినట్ల గఫార్ షెడ్‌కు పోయినాడు. గఫార్ మళ్లా ప్లగ్గులు ఊడదీసినాడు. నాలుగూ టీలో ముంచిన బిస్కెట్ రంగులో ఉండాయి.

"ప్లగ్గు తప్పు లేదు. ఇంజన్ తప్పు లేదు. ఇంక నువ్వు జేసేదే చెప్పు. ఆడ బండి నిలిపినకాడి నుంచి, ఒక్కటీ ఇడిసిపెట్టకుండా చెప్పు."

లక్ష్మీపతి చెప్పినాడు. చెంబు కాడికొచ్చేసరికి గఫార్ గడ్డం గోక్కునేది ఆపినాడు.

"ఇంజన్ ఆడతా ఉండగానే పోస్తారా? మూతికి?"

"ఆపితే ఎక్కి కూసుంటాది గదా భాయ్."

గఫార్ ప్లగ్గులు బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, పంచర్లు సూసే తొట్లో మగ్గు ముంచి, గ్రిల్లు మింద ఒక్క పెట్టున కొట్టినాడు. లోపల ఫ్యాను ఆ నీళ్లను అందుకోని ఇంజనంతా చిమ్మేసింది.

డబ్. డబ్ డబ్. ఇంజన్ సచ్చిపోయింది.

"ఇదే బేటా, మీ పెండ్లికూతురు." గఫార్ కడుపు పట్టుకోని నవ్వినాడు. "ప్లగ్గు వైర్లు తడిస్తే, లోపల పడాల్సిన నిప్పు బయటే జారిపోతాది. అరగంటకు ఇంజన్ వేడికి ఆరిపోయి మళ్లా లేస్తాది. కొందురు పైపైన సల్లి పోతారు, వాళ్లకేం కాదు. మీ మామకు భక్తి ఎక్కువ! డీజిల్ బండికి ప్లగ్గులే ఉండవు, లారీనేం జేస్తాది ఆయమ్మ?"

లక్ష్మీపతికి ఊపిరొచ్చింది.

"అయితే ఈ రేత్రి నీళ్లు పొయ్యొద్దంటావా భాయ్?"

"పొయ్యొద్దు."

"ఆయమ్మకు కోపమొస్తే?"

గఫార్ నవ్వు ఆగిపోయింది. చేతులు గుడ్డకు తుడుసుకున్నాడు. షెడ్ బయటికి ఒకమారు సూసినాడు.

"...అది మెకానిక్ పని గాదు బేటా."

ఆ రేత్రి లక్ష్మీపతి కారంతా ఎండు గుడ్డతో తుడిసినాడు. వైర్లు తుడిసినాడు, బానెట్ తుడిసినాడు. వెంకటముని ఇంటి కాడ బండి నిలిపి, లోపలికి పోయి కాఫీ తాగినాడు. వెంకటముని పసుపునీళ్ల చెంబుతో వచ్చి, ముందు సీట్లో కూసున్నాడు.

దిగుడు దిగినారు. మలుపు వచ్చింది.

గాలి లేదు. కీచురాళ్లు గూడా ఆపేసినాయి... బాయి గట్టు మాత్రం మసకగా తెల్లగా కనపడతాండాది.

"నువ్వే పొయ్. నీ పరీచ్చ," అని చెంబు చేతికిచ్చి, వెంకటముని తువ్వాలు నెత్తి మీదికి లాక్కోని, కండ్లు మూసుకోని దండకం ఎత్తుకున్నాడు.

లక్ష్మీపతి దిగినాడు. ఇంజన్ ఆడతా ఉండాది. లైట్ల ముందర నిలబడినాడు. చెంబు ఎత్తినాడు...

పోస్తే కారు నిలబడతాది. అంబిక జీపెక్కి పోతాది.

పొయ్యకపోతే...

గఫార్ చెప్పింది తలకు ఎక్కింది గానీ, కడుపులోకి దిగలేదు. "తల్లీ," అన్నాడు, పెదాలు కదిలినాయో లేదో. "నీకు నీళ్లు పొయ్యనందుకు తప్పు ఎంచుకోవద్దు. నాకు పెండ్లి కావల్ల."

చెంబు పక్కకు వంచి, నీళ్లన్నీ రోడ్డు వారన మట్టిలో పోసేసినాడు.

తిరిగి డోరు కాడికి వస్తాంటే... ఎనకాల గాజులు గలగలమన్నట్ల అనిపించింది.

చెంబేమో అనుకున్నాడు. అనుకోవల్ల గదా. తిరిగి సూడలేదు.

గేరు ఏసినాడు. కారు కదిలింది... బాయి పక్కకు వచ్చింది... ఇంజన్ ఒక్కసారి "డుక్" అనింది—

లక్ష్మీపతి యాక్సిలేటర్ అదిమినాడు—

మళ్లా అందుకునింది. బాయి ఎనక్కి పోయింది. చింతతోపు ఎనక్కి పోయింది. వెంకటముని తువ్వాలు తీసి సూసేసరికి మదనపల్లె లైట్లు కనపడతాండాయి.

"ఒరే లచ్చీపతీ! దాటినామా?"

"ఎప్పుడో దాటినాం మామా."

మండీ ముందర ట్యూబ్‌లైటు కింద నిలిపినాడు. టమాటా పెట్టెలు దించతాండారు, వేలంపాట ఇంకా మొదలే కాలేదు. వెంకటముని దిగి లక్ష్మీపతి భుజం మీద చెయ్యేసి, "సూసినావా, మనసు పెట్టి పోస్తే ఎట్ల పని జేసిందో నీళ్లు!" అన్నాడు.

లక్ష్మీపతికి అబద్ధం చేతగాదు. తలకాయ వంచుకోని నిజం చెప్పేసినాడు.

"మామా... నేను నీళ్లు పొయ్యలేదు. అంతా రోడ్డుకే పోసినా."

వెంకటముని భుజం మీంచి చెయ్యి తీసేసినాడు. కోపమొచ్చిందేమో అని లక్ష్మీపతి తలెత్తినాడు. ఆయన కోపంగా లేడు. కారు దిక్కు సూస్తాండాడు.

"పొయ్యలేదా? మరి... అదేందిరా?"

బానెట్ నడిమధ్యన ఒక చెయ్యి అచ్చు. పసుపు. అయిదు వేళ్లూ ఇడమరిసి, మెత్తగా అద్దినట్ల ఉండాది. చిన్న చెయ్యి... ఆడపిల్ల చెయ్యి.

వెంకటముని వేలితో ముట్టుకున్నాడు. అంచులు ఎండినాయి గానీ నడుమ ఇంకా పచ్చి.

మెల్లగా తువ్వాలు నడుముకు కట్టుకోని, ఆ అచ్చుకు దండం పెట్టినాడు.

"ఆయమ్మే నలుగు పెట్టేసింది. ఇంక కాదనేదానికి నేనెవుర్ని... అల్లుడా?"

కుప్పమోళ్లకు పొద్దునే కబురు పోయింది. ఆ నెలలోనే పెండ్లయింది. గఫార్ భాయ్ వచ్చి పాయసం రెండుమార్లు ఏయించుకున్నాడు.

పెండ్లైనాక ఒక పొద్దు, లక్ష్మీపతి ఉండబట్టలేక అంబికను అడిగేసినాడు.

"ఆ రేత్రి నేను లోపల కాఫీ తాగతాంటే... నువ్వే గద, దొంగమాదిరి వచ్చి పసుపు చెయ్యి పెట్టింది?"

అంబిక నవ్వతా ఉన్నది కాస్తా ఆగిపోయింది.

"నేనా? నేను అడుగు గూడా బయట పెట్టలేదు. మా నాయన్ను నమ్మించేదానికి నువ్వే ఎవురి చేతనో పెట్టించుకున్నావని... ఇన్ని దినాలూ అనుకుంటాండానే..."