తమంతట తామే తిరిగే చెప్పులు

ఆ పాత బుద్ధుడి గుడి వెనక, తోటలోంచి ఒక దారి ఉంది. దారి చివర గుడి గుమ్మానికి మూడు రాతి మెట్లు. పొద్దు వాలాక ఆ మెట్ల దగ్గర చెప్పులు విడవాలంటే ఎవరికైనా వణుకే.

ఎందుకంటే... గుమ్మం వైపు విడిచిన చెప్పులు, మనం లోపలికి వెళ్ళొచ్చేసరికి, దారి వైపు తిరిగి ఉంటాయి.

అలికిడి ఉండదు. మనిషి కనబడడు.

ఇది మా వదినకి జరిగింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నా మాటలు కలిపితే ఊరుకోదు.

వదిన దర్జీ. కళ్ళకి పొరలొచ్చి, ఆపరేషన్ అయి అప్పటికి మూణ్ణెల్లు. "ఇక సూదిలో దారం ఎక్కించడం నీవల్ల కాదు, మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం" అని మా అన్నయ్య రోజూ ఒకటే పాట. ఆవిడ పంతం పట్టి, గుడిలో ధ్యానానికి కూర్చునేవాళ్ళకి ముప్ఫై మెత్తలు కుడతానని ఒప్పుకుంది.

"సరే, వీటిలో ఒక్క కుట్టు వంకర పోయినా మిషను పోతుంది" అన్నాడు అన్నయ్య.

"పోనీండి" అంది వదిన. అనేసింది గానీ, ఆ మిషను ఆవిడ ప్రాణం.

చివరి మెత్త అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. మూడు మూటలు కట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో ఆయన తోట గేటు దగ్గరే ఆపేశాడు.

"నేను ఇక్కడిదాకానేనమ్మా."

"ఏం, లోపల పులుందా?"

"పులైతే నయమే..." గొంతు తగ్గించాడు. "చెప్పులు ఒకసారి తిరిగితే, వెళ్ళిపొమ్మని. రెండోసారి తిరిగితే, చెప్పానా లేదా అని. మూడోసారి తిరిగితే..."

"తిరిగితే?"

"ఇక చెప్పులతో పనుండదమ్మా!"

వదిన నవ్వేసింది. కానీ ఉన్నవి మూడు మూటలు. మూడుసార్లు వెళ్ళాలి.

ఆ తోట గురించి చెప్పమంటే ఆవిడకి ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. నాచు కప్పుకుని, పడుకున్న పిల్లుల్లా రాళ్ళు. ముడుచుకున్న తామరలు. తల దువ్వినట్టు గీతలు గీతలుగా దువ్విన తెల్లటి ఇసుక. ఎన్ని వందల ఏళ్ళుగా ఎవరు దువ్వుతున్నారో తల్లీ, అనుకుందట.

గంట కొట్టాక లోపల అందరూ మౌనం. మూటలు వసారాలో పెట్టి వచ్చేయమని ముందే చెప్పారు.

మొదటి మూట పెట్టి వచ్చింది. చెప్పులు... దారి వైపు ఉన్నాయి.

నేనే అలా విడిచానేమో, అనుకుంది.

రెండోసారి గుర్తుగా ఉంటుందని ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు విడిచింది. వచ్చి చూస్తే... ఏ కాలిది ఆ వైపే! దారి వైపు తిరిగి!

అప్పుడు భయపడింది. దెయ్యానికి కాదు. దెయ్యమైతే సరే... నా కళ్ళే అయితే? ఉన్నది ఒకటి, కనబడేది ఒకటి అయితే? ఆ ముప్ఫై మెత్తల కుట్లు ఎలా ఉన్నాయో!

"స్వామీ, ఇది దెయ్యమే అయ్యేలా చూడు" అని బుద్ధుడికి దండం పెట్టుకుంది.

మూడోసారి చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని రాతి దీపస్తంభం వెనక నక్కింది.

చెట్ల మధ్య ఏదో కదిలింది... వంగిపోయిన ఆకారం... చేతిలో పొడుగాటి కర్ర...

తోటమాలి! ముసలాయన. కర్ర కాదు, ఇసుక దువ్వే దంతె. దాన్ని గోడకి ఆనించి, వదిన చెప్పులు మెల్లిగా తిప్పి, పైగుడ్డతో దుమ్ము దులిపి, తనవి గుమ్మం వైపు విడిచి లోపలికి వెళ్ళాడు.

హమ్మయ్య, కళ్ళు బాగానే ఉన్నాయి!

ఆయన చెప్పుకి గుడ్డ పట్టీ తెగి, తాడుతో కట్టుకుని ఉంది. అందరివీ తిప్పే ఆయనవి తిప్పేవాళ్ళెవరు? వదిన కొంగున గుచ్చుకున్న సూది తీసింది. దీపస్తంభం మసక వెలుతురు. దారం... మొదటిసారికే ఎక్కేసింది! పట్టీ కుట్టి, చెప్పులు దారి వైపు తిప్పి, మళ్ళీ నక్కింది.

ముసలాయన బయటికొచ్చాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయి... ఆగిపోయాడు.

"దెయ్యం! బాబోయ్ దెయ్యం!"

ఆ కేకకి గేటు దగ్గర ఆటో స్టార్టయి వెళ్ళిపోయింది. భిక్షువులు పరుగున వచ్చారు. మౌనం కదా, నవ్వు బయటికి రానీకుండా ఆపుకుంటుంటే భుజాలు కదిలిపోతున్నాయి.

"నేనండీ పెద్దాయనా, మెత్తలు కుట్టినదాన్ని! మీరెందుకు అందరి చెప్పులూ తిప్పుతారు?"

"చీకట్లో తడుముకోకుండా తొడుక్కుంటారని తల్లీ. నలభై ఏళ్ళ అలవాటు."

"ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెబుదామంటే ఒక్కరైనా నిలబడరే!"

ఆయన పట్టీని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఈ మసకలో, ఇంత సన్నటి కుట్టా... మనుషులు కుట్టినట్టు లేదే!"

మూడో మూటా వసారాలో పెట్టేసి, వదిన నడిచే ఇంటికొచ్చింది. అన్నయ్య మిషను మీద చెయ్యేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నారు?"

"ముందు దాని మీంచి చెయ్యి తీయండి" అంది వదిన. "నాది మనుషుల కుట్టు కాదట."